గడ్డం కింద రిమోట్

మళ్లీ నొక్కింది. కారు ఉలకలేదు, పలకలేదు. బాల్కనీ గ్రిల్లు సందులోంచి చెయ్యి భుజం దాకా బయటికి దూర్చి, రిమోట్‌ని గురిపెట్టి, బొటనవేలి గోరు తెల్లబడేదాకా నొక్కి పట్టుకుంది. నాలుగంతస్తుల కింద, ప్రహరీగోడ వారగా, బూడిదరంగు కారు నాకేం సంబంధం అన్నట్టు ఎండలో నిలబడి ఉంది. దాని పక్కన మామగారు డ్రైవరు వైపు తలుపు పిడి పట్టుకుని లాగుతున్నారు. లాగి, ఆగి, అరచేతిని చొక్కాకి తుడుచుకుని, మళ్లీ లాగుతున్నారు. తప్పు తన చేతి చెమటదే అనుకుంటున్నారు కాబోలు. పైనుంచి ఆయన బట్టతల, తెల్లచొక్కా వీపు తప్ప మొహం కనబడదు. కనబడకపోవడమే నయం. కనబడితే ఈపాటికి ఏడ్చేసి ఉండేది, ఏడవడానికిది సమయం కాదు. కారుకి పది అడుగుల అవతల గేటు బార్లా తెరిచి ఉంది. పక్క బ్లాకులో కొత్తగా గచ్చు వేయిస్తున్న వాళ్ల లారీ వచ్చి, సరుకు దింపి, వెళ్తూ వెళ్తూ మూయకుండా పోయింది. మూయాల్సిన వాచ్‌మన్ కుర్చీ ఖాళీ. కుర్చీ మీద అతని తువ్వాలు మాత్రం బుద్ధిగా కాపలా కాస్తోంది.

అంతా ఆ స్నానాలగదిలోనే జరిగింది. కాలికి కట్టు పడ్డప్పటినుంచి స్నానమంటే ఒక యుద్ధం. కట్టు తడవకుండా ప్లాస్టిక్ సంచీ తొడుక్కోవాలి, దాని మూతికి రబ్బరుబ్యాండు బిగించాలి, స్టూలు మీద కూర్చుని కాలు బకెట్టు అంచున పెట్టుకుని చెంబు చెంబూ లెక్కన పోసుకోవాలి. నీళ్లు ఆపిన క్షణంలో వినపడింది, లిఫ్టు గ్రిల్లు కర్రుమని జరిగిన చప్పుడు. ఎవరో పక్కవాళ్లులే అనుకుంది. పక్కవాళ్లు ఈ వేళప్పుడు ఇంట్లో ఉండరని ఒళ్లు తుడుచుకుంటూండగా గుర్తొచ్చింది. వాకరు టకటకలాడించుకుంటూ హాల్లోకొచ్చేసరికి వీధితలుపు తెరిచి ఉంది, ఆయన చెప్పులు మాత్రం గడప దగ్గర జంటగా ఉన్నాయి. లిఫ్టు మీట నొక్కింది. రాలేదు. ఎందుకొస్తుంది? ఆయన దిగినప్పుడల్లా గ్రిల్లు తెరిచి వదిలేస్తారు. పాతకాలపు లిఫ్టు, గ్రిల్లు మూయకపోతే కదలదు. ఎన్నిసార్లు చెప్పినా అంతే. "లోపల ఇంకా దిగాల్సినవాళ్లు ఉంటే ఏం చేస్తారమ్మా, నొక్కుకుపోరూ?" అంటారు. నలభై ఏళ్లు బస్సు నడిపిన మనిషి, దిగేవాళ్లందరూ దిగారని నమ్మకం కుదిరితే తప్ప తలుపు మూయనివ్వరు. అలా తెరిచి వదిలేసిన లిఫ్టు ఇప్పుడు కింద నోరు తెరుచుకుని ఆయన ప్రయాణికుల కోసం ఎదురుచూస్తోంది. తను పైన.

మెట్లున్నాయి. కూర్చుని ఒక్కో మెట్టూ జరుగుతూ దిగొచ్చు, చంటిపిల్లలు దిగినట్టు. కానీ మెట్లదారికి కిటికీ అన్నది లేదు. దిగడం మొదలుపెడితే కింద నేల తగిలేదాకా ఆయన ఉన్నారో లేరో తెలియదు. ఇక్కడుంటే కనబడతారు, చేతికి అందరు. అక్కడైతే అందవచ్చు, కనబడరు. ఏది మేలో ఎవరు చెప్తారు? భర్తకి ఫోన్ చేస్తే, "బయల్దేరుతున్నా, ముందు నువ్వు కారు తెరువు. ఒకసారి కూర్చున్నారంటే కదలరు," అని పెట్టేశాడు. కారు తెరువు! ఎంత తేలిగ్గా అన్నాడు, మూత తియ్యమన్నట్టు. వాచ్‌మన్ ఫోను మోగి మోగి ఆగిపోయింది. "మామయ్యా!" అని అరిచింది. పక్క బ్లాకులో రాయి కోసే మిషను ఆ కేకని మధ్యలోనే కోసి పారేసింది. మళ్లీ అరిచింది. మామూలు రోజుల్లోనే ఆయనకి కుడిచెవి సగం, ఎడమచెవి అసలు లేదు, ఇంజను పక్కన కూర్చున్న చెవులవి.

మొన్నమొన్నటిదాకా ఈ కారు సరిగ్గా ఈ బాల్కనీ కిందే ఉండేది. సాయంత్రం నాలుగయ్యేసరికి ఆయన తయారై, చెవుల పక్కన మిగిలిన నాలుగు వెంట్రుకలూ దువ్వుకుని, చొక్కా పైబొత్తాం పెట్టుకుని, "ఏమ్మా, టైమయిందా?" అని అడిగేవారు. అయిందంటే కిందికి తీసుకెళ్లి స్టీరింగు ముందు కూర్చోబెట్టేది. తను పక్కసీట్లో ఒడినిండా బట్టలు వేసుకుని, ఎవరిదో ప్యాంటు అంచు మడిచి కుట్టడమో, ఊడిన గుండీలు వేయడమో చేసుకునేది. గంటసేపు ఆయన ఎక్కడికీ వెళ్లని బండిని నడిపేవారు. మలుపుల్లో మెడ వంచేవారు. అడ్డం వచ్చినవాళ్లని నోట్లోనే తిట్టుకునేవారు. ఆ గంటా ఇంట్లో ఉన్న చిరాకు, తలుపులు తట్టడం, తన ఇంట్లోనే ఉండి ఇంటికెళ్లిపోతాననడం, ఏదీ ఉండేది కాదు. దిగేటప్పుడు పిల్లవాడిలా తేటగా ఉండేది మొహం. ఆ తేటదనం కోసమే ఈ కారు అమ్మకుండా ఉంచారు, లేకపోతే భర్త ఆఫీసుకెళ్లేది కంపెనీ బండిలోనే. తన కాలు విరిగాక పద్ధతి మారింది. వాచ్‌మన్ ఆయన్ని కిందికి తీసుకెళ్లేవాడు, తను పైనుంచి మీట నొక్కి తెరిచేది, మధ్య మధ్యలో నొక్కి లైట్లు మెరిపించేది. ఆయన తలెత్తి చెయ్యూపేవారు. అంతా బాగానే ఉంది అనుకుంటున్నంతలో అపార్ట్‌మెంట్ కమిటీవాళ్లు న్యాయం, ధర్మం అంటూ బండ్ల చోట్లకి చీట్లు తీశారు. వీళ్లకి గేటు పక్కన గోడవార చోటొచ్చింది. వచ్చిన మర్నాడే రిమోట్ చేతులెత్తేసింది.

బ్యాటరీ మార్పించారు. తాళాలు బాగుచేసే అతను రిమోట్ విప్పి, తుడిచి, మూసి, "ఇది కారు తాళమండీ బాబూ, రేడియో స్టేషను కాదు. ఇంకా దూరం వెళ్లాలంటే కారునే దగ్గరికి తెచ్చుకోండి," అన్నాడట. భర్త ఇంటికొచ్చి నవ్వుతూ చెప్పాడు. కూతురు మాత్రం ఫోనులో ఏవో చదివి, రిమోట్ తెచ్చి తల్లి గడ్డం కింద ఆనించి, "ఇప్పుడు నొక్కు," అంది. నొక్కితే, ఎంత ఆశ్చర్యం, గోడవార కారు లైట్లు మెరిశాయి. మనిషి తలకాయలో ఉన్నదంతా నీళ్లేనట, ఆ నీళ్లు యాంటెన్నాలా పనిచేస్తాయట. నోరు తెరిస్తే ఇంకా దూరం వెళ్తుందట. "మొత్తానికి నీ బుర్ర దేనికి పనికొస్తుందో తేలిందమ్మా," అంది కూతురు. "నీ నోటికీ ఇలాంటి తాళమొకటి దొరికితే బాగుణ్ను," అంది తను. ముగ్గురూ నవ్వారు. మామగారు కూడా, ఎందుకో తెలియకపోయినా, అందరూ నవ్వుతున్నారు కదా అని నవ్వారు. అది నిన్నో మొన్నో కాదు, నిరుడు అన్నట్టుంది ఇప్పుడు.

చెయ్యి లోపలికి లాక్కుని రిమోట్‌ని గడ్డం కింద పెట్టుకుంది. నోరు తెరిచింది. ఎదురు బిల్డింగులోంచి ఎవరైనా చూస్తే, కాలికి కట్టు, తలకి తువ్వాలు, నోరు బార్లా తెరిచి ఆకాశంలోకి చూస్తున్న ఆడది, మామగారికంటే కోడలికే ముదిరిందనుకుంటారు. అనుకోనీ. అనుకుని అయినా కిందికి దిగి రానీ. నొక్కింది. లేదు. కొంచెం ఎడమకి జరిగి నొక్కింది. కారు కళ్లు రెండూ ఒక్కసారి మెరిశాయి. వెళ్లింది! అమ్మయ్య, వెళ్లింది! ఇక తలుపు తీయండి మామయ్యా, తీసి కూర్చోండి. ఆయన లైట్లు చూశారు. పిడి వదిలేశారు. రెండడుగులు వెనక్కి వేసి, బండిని పైనుంచి కిందికి పరికించి, నిదానంగా ముందు చక్రం దగ్గరికి నడిచారు. వంగి, పిడికిలితో టైరుని గుద్దారు. చెవి ఒగ్గి విన్నారు. అయ్యో. ఈ సంగతే మరిచిపోయింది. బండి ఎక్కే ముందు చుట్టూ ఒక ప్రదక్షిణం, నాలుగు చక్రాలకీ నాలుగు గుద్దులు. డిపోలో మొదటిరోజు నేర్పిన పాఠం. తన పేరు మరిచిపోయారు, భార్య పోయిందని మరిచిపోయారు, అదొక్కటీ మరవలేదు. ఈ కారేమో తెరిచాక అర నిమిషంలో ఏ తలుపూ తీయకపోతే తనంతట తానే తాళం వేసేసుకుంటుంది. దొంగల భయానికి చేసిన ఏర్పాటట. దొంగలు తొందరలో ఉంటారు, వాళ్లకి అర నిమిషం చాలు. టైర్లు చూసుకుని ఎక్కే మనిషికే చాలదు. మూడో చక్రం దగ్గర ఆయన వంగి ఉండగా కారు మళ్లీ ఒకసారి మెరిసి మూసుకుపోయింది. నాలుగోదీ గుద్ది, తృప్తిగా చేతులు దులుపుకుని, వచ్చి పిడి లాగారు. రాలేదు. కారు వంక చూశారు. తర్వాత గేటు వంక చూశారు.

ఆ చూపుకి ఆమె రిమోట్‌ని మళ్లీ గడ్డం కిందికి జరుపుకుంది. నిన్న భోజనాల దగ్గర భర్త కంచంలో వేళ్లు ఆపి, ఆమె కట్టుకాలి వైపు చూస్తూ అన్నాడు. "ఇంకొక్కసారి గేటు దాటారంటే నేనా హోముకి ఫోన్ చేసేస్తాను. నువ్వు మళ్లీ అడ్డం పడకు." కోపంగా అంటే ఎదురు చెప్పేది. అలిసిపోయి అన్నాడు. పోయినసారి ఆయన గేటు దాటితే ఆమె మెట్ల మీద పరిగెత్తింది, అప్పుడూ లిఫ్టు ఇలాగే నోరు తెరుచుకుని ఉంది, రెండో అంతస్తు మలుపులో కాలు మడతపడింది. ఆయన్ని ఎవరో పుణ్యాత్ములు రెండు వీధుల అవతల పట్టుకుని తెచ్చారు. ఆమె ఆస్పత్రినుంచి వచ్చాక మంచం పక్కన కూర్చుని, కట్టుని వేలితో తట్టి, "బండి పూర్తిగా ఆగకుండా ఎందుకు దిగావమ్మా?" అని కోప్పడ్డారు. ఆ నొప్పిలోనూ నవ్వొచ్చింది. ఆడపడుచు ఫోన్‌లో, "వదినా, నువ్వు చేసినంత చేశావు," అంది. ఆ మాట మంచిమాటే. అయినా విన్నప్పటినుంచి ముల్లులా ఉంది. ముగిసిపోయినదాని గురించి కదా అలా మాట్లాడతారు, మనిషి ఇంకా పక్కగదిలో దగ్గుతూ ఉండగానే.

మతిమరుపు వచ్చిన పెద్దవాళ్లని ఉంచుకునే ఆ హోముని ఇద్దరూ చూసొచ్చారు. శుభ్రంగా ఉంది, ఆ మాట ఒప్పుకోవాలి. దుప్పట్లు తెల్లగా, నేల తళతళలాడుతూ, తలుపులకి అంకెల తాళాలు, నొక్కాల్సిన అంకెలు తెలిసినవాళ్లకే తెరుచుకుంటాయి. కిటికీలన్నీ గోడవైపే. ఒక పెద్దావిడ ఆమె చేతిసంచీ పట్టుకుని "నన్ను కూడా దింపేస్తారా దారిలో?" అని అడిగింది. ఎక్కడ దింపాలండీ అంటే ఆలోచించి, ఆలోచించి, సంచీ వదిలేసింది. అక్కడ ఆయనకి సాయంత్రం నాలుగు గంటలవదు. టైమయిందా అని అడిగితే దేనికీ అంటారు. అలాగని ఆమెకి వద్దా? నిజం చెప్పమంటే? మధ్యాహ్నం ఒక్క గంట, ఒక చెవి అవతలిగదిలో వేసి ఉంచకుండా, రెండు చెవులతోనూ నిద్రపోవాలని ఉండదా? మిషను ముందు కూర్చుని ఒక జాకెట్టు మొదలుపెట్టి లేవకుండా పూర్తి చేయాలని ఉండదా? ఆయన ఇప్పుడా గేటు దాటితే అన్నీ వాటంతటవే తేలిపోతాయి. ఎవరూ నిర్ణయించక్కర్లేదు, ఎవరి మీదా మాట రాదు. ఈ ఆలోచన వచ్చినప్పుడు బొటనవేలు మీట మీదే ఉంది. నొక్కుతోందా? నిజంగానే నొక్కుతోందా? ఆమె వేలిని పరాయివాళ్ల వేలిని చూసినట్టు చూసుకుంది. చూసి, పళ్లు బిగించి, గట్టిగా నొక్కింది. కారు మెరవలేదు. చూశారా, నేను నొక్కాను, అని ఎవరికో చెప్పుకుంది.

ఆమె కాలేజీకి పోయే రోజుల్లో ఆ దారిన వెళ్లే ఒకే ఒక్క బస్సు ఆయనది. రోజూ ఆలస్యమే. ఒక జడ వేసుకుని, రెండో జడ పళ్లతో పట్టుకుని, పుస్తకాలు గుండెలకి హత్తుకుని పరిగెత్తేది. బస్సు కదిలిపోయి ఉండేది. పక్క అద్దంలో ఆమెని చూసి ఆయన ఆపేవారు. కండక్టరు గొణిగేవాడు, ప్రయాణికులు విసుక్కునేవారు. ఆయన వెనక్కి తిరగకుండానే, "ఆ పిల్ల ఎక్కితేగాని బండి కదల్దు," అనేవారు. ఎక్కాక ఒక్కనాడు కూడా పలకరించలేదు, మొహం తిప్పి చూడలేదు. మూడేళ్లు అలా ఆపి, నాలుగో ఏడు భార్యని వెంటబెట్టుకుని వాళ్లింటికొచ్చి, "నా బండి వెనక పరిగెత్తే పిల్ల ఇక్కడే ఉంటుందా?" అని అడిగారు. పెళ్లిలో అందరికీ చెప్పుకున్నారు, వీడికి పిల్లని నేను అద్దంలో వెతికానని. అంత దూరంనుంచి, అంత చిన్న అద్దంలో, ఆమె కనబడేది ఆయనకి. ఆయన ఆగేవారు. ఇప్పుడు తను ఇంత పెద్ద బాల్కనీలోంచి చూస్తోంది, ఏం లాభం.

ఆయన గేటు వైపు నాలుగడుగులు వేశారు. చెప్పుల్లేని పాదాలు, సిమెంటు కాలుతోంది కాబోలు, ఎత్తెత్తి వేస్తున్నారు. "మామయ్యా, వద్దు!" మిషను ఆగిన సందులో ఆ కేక కింది దాకా వెళ్లిందేమో, ఆయన ఆగారు. తలెత్తలేదు. ఆగి, ఏదో గుర్తొచ్చినట్టు తిరిగి కారు దగ్గరికొచ్చి, బానెట్ మీద చెయ్యి వేసి నిలబడ్డారు. ఇప్పుడు. ఇప్పుడు కాకపోతే ఇక లేదు. కూతురు ఇంకో మాట కూడా చెప్పింది, పెద్ద నీళ్లక్యాను పక్కన పెట్టుకున్నా పనిచేస్తుందట, తల కంటే క్యాన్లోనే నీళ్లు ఎక్కువ కదా. ఆమె వాకరు వదిలేసి, గోడ పట్టుకుని, ఒంటికాలి మీద వంటగది గుమ్మం దాకా గెంతింది. క్యాను లాక్కుంటూ, నేల మీద ఈడ్చుకుంటూ వచ్చింది. కుట్టుమిషను స్టూలు బాల్కనీ చివరికి తోసి, కట్టుకాలు దానిమీద మోపి, క్యానుని చంటిబిడ్డలా చంకకెత్తుకుని, గ్రిల్లుకి మొహం ఆనించి, రిమోట్ గడ్డం కింద పెట్టుకుని, నోరు తెరిచింది. క్యాను బరువుకి నడుం విరిగిపోతోంది. కట్టులోపల ఎముక నేనిక్కడున్నానని సలుపుతోంది. ఒంట్లో ఉన్న నీళ్లన్నీ, క్యాన్లో ఉన్న నీళ్లన్నీ, కంట్లో ఉన్నవి కూడా కలిపి, వెళ్లమ్మా, అంది. నొక్కింది.

మెరిసింది. మళ్లీ నొక్కింది, మళ్లీ మెరిసింది. ఎక్కడో సరైన చోటు దొరికింది. కదలకూడదు, ఊపిరి కూడా పీల్చకూడదు, ఇలా బొమ్మలా ఉండిపోవాలి. ఆయన టైర్ల ప్రదక్షిణం మొదలుపెట్టలేదు, ఇందాక చేసేశారు కదా. వచ్చి, పిడి పట్టుకుని లాగారు. తలుపు తెరుచుకుంది. తెరుచుకుంది! ఆమె గొంతులోంచి ఏదో చప్పుడు వచ్చింది, నవ్వో ఏడుపో. కూర్చోండి. గంటో రెండు గంటలో, మీ ఇష్టమొచ్చినంత దూరం నడపండి, ఈలోపు మీ అబ్బాయి వచ్చేస్తాడు. మామగారు లోపలికి వంగారు. కూర్చోలేదు. తలుపుకున్న అరలోంచి పసుపుపచ్చ గుడ్డ తీశారు. స్టీరింగు చుట్టూ తుడిచారు. ముందద్దం లోపలినుంచి, తర్వాత బయటనుంచి, అంచుల్లో వేలు పెట్టి తుడిచారు. పక్క అద్దం మీద ఊది తుడిచారు. గుడ్డని దులిపి, నాలుగు మడతలు పెట్టి, యథాస్థానంలో ఉంచారు. తలుపు వేశారు. పడిందో లేదోనని ఒకసారి లాగి చూశారు. చొక్కా పైబొత్తాం విప్పుకున్నారు.

అప్పుడర్థమైంది ఆమెకి. ఎక్కడానికి రాలేదాయన. ఇన్నాళ్లూ కూర్చున్నది ఎక్కే గంట, ఈరోజు వచ్చింది దిగే గంట. చక్రాలు చూసి, అద్దాలు తుడిచి బండి అప్పజెప్పాలి, తాళం పడి ఉంటే ఎలా అప్పజెప్తారు, అందుకే ఆ పిడి పట్టుకుని అంత సేపు లాగారు. తెరుచుకోకపోయి ఉంటే, ఇంకా అక్కడే లాగుతూ ఉండేవారేమో. డ్యూటీ అయిపోయింది. ఇక ఇంటికెళ్లాలి. ఆయన బానెట్ మీద రెండుసార్లు తట్టి, చేతులు వెనక్కి కట్టుకుని, పని ముగించుకున్న మగవాళ్లు నడిచేంత తీరుబడిగా గేటు వైపు నడిచారు. ఆమె నొక్కింది. కారు మెరిసింది. నొక్కింది. మెరిసింది. రెండు మీటలూ మార్చి మార్చి, మూయి, తెరువు, మూయి, తెరువు. ఇందాకటిదాకా బతిమాలినా పలకని కారు ఇప్పుడు ప్రతి నొక్కుకీ బుద్ధిగా కళ్లార్పి జవాబు చెప్తోంది. దాని పక్కనుంచే ఆయన దాటిపోయారు, దాని వంక చూడకుండా. గేటు దగ్గర ఆగి కుడివైపు చూశారు, ఎడమవైపు చూశారు, చెయ్యెత్తి ఒక స్కూటరుని ఆపి, రోడ్డు మీద అడుగుపెట్టారు. ప్రహరీగోడ మీదుగా కాసేపు బట్టతల కనిపించింది. తర్వాత గోడే కనిపించింది.

క్యాను చంకలోంచి జారి నేలమీద పడింది, మూత ఊడి నీళ్లు బాల్కనీ అంతా పరుచుకున్నాయి. ఫోను మోగుతోంది. ఎంతసేపటినుంచో మోగుతున్నట్టుంది.

"ఏమైంది? కారు తెరుచుకుందా?" అన్నాడు భర్త. వెనక హారన్లు, ఏదో సిగ్నల్ దగ్గర ఇరుక్కున్నట్టున్నాడు.

"తెరుచుకుంది," అంది.

"హమ్మయ్య," అన్నాడు. ఒక క్షణం ఆ మాట అలాగే ఉండనిచ్చింది. అలాగే ఉంచేయవచ్చు కూడా. అతను వచ్చేలోపు ఎవరో పుణ్యాత్ములు మళ్లీ తీసుకురావచ్చు, ఎవరికీ తెలియకపోవచ్చు, వచ్చే వారం కూడా నాలుగవుతుంది. ఎండ వైపు చూసింది. రోడ్డు మీద లారీ ఏదో పెద్దగా బ్రేకు వేసిన చప్పుడు, ఆ తర్వాత ఏమీ లేదు, మామూలు చప్పుళ్లు.

"గేటు దాటి ఎడమచేతి వైపు వెళ్లారు," అంది, గొంతు ఎంత మామూలుగా ఉందో ఆమెకే తెలుస్తోంది. "తెల్లచొక్కా. గళ్ల లుంగీ. కాళ్లకి చెప్పుల్లేవు."